కడుపులో బల్ల, తూము కాడ దెబ్బ

రమ సద్దిగిన్నె నెత్తిన పెట్టుకుని పొలం ఒడ్డు ఎక్కేసరికి ముందు తిట్లు వినపడ్డాయి, తర్వాత మనుషులు కనపడ్డారు. తూము దగ్గర బురదలో ఆమె మొగుడు కొండల్, ఆమె తమ్ముడు కరుణాకర్ ఒకరి గల్లా ఒకరు పట్టుకుని గుంజులాడుకుంటున్నారు.

జమ్మికుంట అవతల ఆ ఊళ్లో వాళ్లిద్దరి పొలాలూ పక్కపక్కనే. ఇద్దరికీ ఒకటే పిల్లకాలువ. రమను ఊళ్లోనే ఇచ్చారు కనుక ఆమెకు పుట్టిల్లు రెండు వాడల అవతలే. కొండల్ మస్కట్‌లో కూలికి ఉన్నన్నాళ్లూ అతని పొలానికి నీళ్లు పెట్టింది కరుణాకరే. కొండల్ నిరుడు పూర్తిగా వచ్చేశాడు. ఈ యాసంగిలో కాలువ నీళ్లు సన్నగా వచ్చాయి. వరి పొట్ట దశలో ఉంది. ఊరంతా వంతుల కోసం కొట్లాడుకుంటోంది.

"నా వంతుల తూము మలుపుతవా? నేను సచ్చిననుకున్నవా?"

"నీ వంతు అయిపోయింది బావా. నా మడి నెర్రెలు వడ్డది, కండ్లు లేవా నీకు?"

కొండల్ పిడికిలి బిగించి బామ్మర్ది మూతి మీద గుద్దాడు. పెదవి చిట్లి రక్తం గదవ మీదికి కారింది. రమ గిన్నె పడేసి ఉరికింది. ఆమె చేరేలోపే కొండల్ మళ్లీ గుద్దాడు, ఈసారి ముక్కు మీద. కరుణాకర్ వెల్లకిలా పడ్డాడు. లేస్తూనే చేతికందిన పారను తిరగేసి కర్ర కామతో కొట్టాడు. ఆ దెబ్బ కొండల్‌కు ఎడమ పక్కన, పక్కటెముకల కింద తగిలింది. కాలు జారుతూ కొట్టిన దెబ్బ. అందులో పెద్ద బలమేమీ లేదని రమ కళ్లతోనే చూసింది. అయినా కొండల్ ఊపిరి ఆడనట్టు నోరు తెరిచి, నడుము దాకా వంగిపోయాడు.

"ఇద్దరు సావుండ్రి! నన్ను ముందుగాల చంపి సావుండ్రి!" అని రమ వాళ్ల మధ్య అడ్డంగా నిలబడింది.

కొండల్ తిట్టుకుంటూ తన కాళ్లమీదే ఇంటికి నడిచాడు. అరుగు మీద కూర్చుని చెంబెడు నీళ్లు తాగాడు. కాసేపటికి అతని నుదుటి మీద చెమట పట్టింది. "రమా, ఎడమ బుజం గుంజుతుందే" అన్నాడు. దెబ్బ తగిలింది పక్కలో, నొప్పి భుజంలో ఏమిటని ఆమె దగ్గరికి వచ్చి చూసేసరికి పెదవులు సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి. కడుపు బిర్రుగా ఉబ్బింది. కొండల్ అరుగు మీద నుంచి పక్కకు ఒరిగి, కళ్లు తేలేశాడు.

అత్త ఐలవ్వ గుండెలు బాదుకుంటూ వాకిట్లోకి ఉరికింది. "నా కొడుకును చంపిండు! కరుణాకర్‌గాడు నా కొడుకును చంపిండు!" ఆ కేక వాడ దాటి వెళ్లింది.

108 బండి వచ్చాక రమ మొగుడి తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కరీంనగర్ రోడ్డెక్కాలంటే ఆమె పుట్టింటి ముందు నుంచే పోవాలి. అక్కడ జనం అడ్డంగా ఉండి బండి ఆగిపోయింది. అద్దంలోంచి ఆమెకు అంతా కనపడింది. తన మరిది వెంకటి, అతని వెంట ఇంకొందరు. కరుణాకర్‌ను ఇంట్లోంచి కాళ్లు పట్టి ఈడ్చుకొచ్చారు. వెంకటి చేతిలో బోరుమోటరు పైపు ఉంది. కరుణాకర్ మొహానికి అడ్డంగా కుడిచేయి పెట్టాడు. పైపు చేతి మీద పడింది. ఆ చేయి మోచేతి కింద ఇంకో మోచేయి ఉన్నట్టు వంగింది. కరుణాకర్ పెళ్లాం వనజ అతని మీద పడి కప్పుకుంటే ఆమెను డొక్కలో తన్నారు. గుమ్మంలోంచి టీవీ వచ్చి వాకిట్లో పగిలింది. మోటరుసైకిల్‌కు నిప్పు పెట్టారు.

"ఆపుండ్రి! ఒరేయ్ వెంకటీ!" రమ అద్దం మీద అరచేతులతో బాదింది. తలుపు తీసి దిగాలనిపించింది. ఒళ్లో మొగుడి తల చల్లగా ఉంది. దిగితే ఇతను, దిగకపోతే అతను. ఆమె దిగలేదు. డ్రైవర్ హారన్ కొడుతూ జనాన్ని చీల్చుకుని బండి ముందుకు తీశాడు.

కరీంనగర్‌లో ఒక ప్రైవేటు దవాఖానలో కొండల్‌ను నేరుగా ఆపరేషన్ గదిలోకి తీసుకుపోయారు. ఐలవ్వ, వెంకటి వెనక ఆటోలో వచ్చారు. వెంకటి చొక్కా మీద రక్తపు చుక్కలు ఎండిపోయి ఉన్నాయి. అది ఎవరి రక్తమో రమకు తెలుసు. ఆమె ఆ చొక్కా వైపు చూడకుండా గోడకు ఆనుకుని కూర్చుంది.

సర్జన్ వంశీధర్‌రావు బయటికి వచ్చేసరికి సాయంత్రమైంది. అతని చెప్పుల మీద కూడా రక్తం ఉంది.

"మనిషి బతికిండు. కడుపంత రక్తమే ఉండె. ప్లీహం పగిలింది, తీసేసినం. మీరు బల్ల పెరిగిందంటరు చూడు, గదే." అతను రమ వైపు చూశాడు. "మామూలుగ పిడికిలంత ఉంటది. ఇది పుచ్చకాయంత ఉంది. నిండ నల్లటి రక్తపు గడ్డలు. పైన చూస్తె దెబ్బ గుర్తు చిన్నది, బొక్క ఒక్కటి ఇరుగలే. అదీగాక ఎడమ పక్క కాల్చిన మచ్చలున్నయి. అయి ఎప్పటియమ్మా?"

రమ నోరు తెరిచేలోపే ఐలవ్వ అందుకుంది. "చిన్నప్పుడు పొయ్యిల పడ్డడు సారూ."

వెంకటి చేయి రమ భుజం మీద పడింది. గట్టిగా నొక్కింది.

ఆ మచ్చలు చిన్నప్పటివి కావు. దసరా తర్వాత ఖానాపూర్ వైపు ఒక పల్లెకు నలుగురూ కలిసి పోయినప్పటివి. కొండల్ అప్పటికే బక్కచిక్కిపోయాడు. నాలుగు ముద్దలు తినగానే కడుపు నిండిందని లేచేవాడు. ఎడమ పక్కన చేయి పెడితే గట్టిగా తగిలేది. ఊరకే తగిలినచోట కూడా ఒంటి మీద కమిలిన మచ్చలు లేచేవి. ఐలవ్వ చేయి పెట్టి చూసి "బల్ల వడ్డది, సురుకులు వెట్టిస్తె కరుగుతది" అంది. అక్కడి ముసలాయన కొడవలి మొనను నిప్పుల్లో ఎర్రగా కాల్చాడు. వెంకటి కాళ్లు పట్టుకున్నాడు. చేతులు రమ పట్టుకుంది. కొడవలి ఆనినప్పుడల్లా కొండల్ ఒళ్లు విల్లులా లేచింది. చర్మం కాలిన వాసన ఆమె చీరలోంచి ఎన్నాళ్లో పోలేదు. తిరిగొచ్చేటప్పుడు కొండల్ అన్నాడు: "బల్లకు కాల్పిచ్చుకున్ననని ఎవలకు చెప్పకు. మస్కట్ పోయొచ్చినోడు గిట్ల చేసిండంటే నవ్వుతరు."

డాక్టర్ లోపలికి పోగానే వెంకటి ఆమె చెవి దగ్గర వంగాడు. "ముందే రోగమున్నదని తెలిస్తె కేసు నిలువది వదినా. నీ తమ్ముడు దర్జాగ బయట తిరుగుతడు. నోరు మూసుకో."

ఆ రోజు రమ నోరు మూసుకునే ఉంది. వెంకటికి భయపడి కాదు. తమ్ముడి మీద కోపంతో. చేతిలో కామ ఉంటే బావను కొడతాడా? కొట్టేముందు అక్క గుర్తుకు రాలేదా? ఐసీయూ అద్దంలోంచి మొగుడి ముక్కుకు, చేతులకు, కడుపుకు పెట్టిన గొట్టాలు చూసినప్పుడల్లా ఆమెకు కరుణాకర్ పీక పిసకాలనిపించింది. అంతలోనే పైపు కింద వంగిన చేయి కనపడేది. పోలీసులు అతన్ని సర్కారు దవాఖానలో కట్టు కట్టించి, హత్యాయత్నం కేసు పెట్టి జైలుకు తీసుకుపోయారని వనజ ఫోనులో ఏడుస్తూ చెప్పింది.

మర్నాడు వంశీధర్‌రావు మళ్లీ వచ్చాడు. వెంట తెల్లకోటు వేసుకున్న ఒక అమ్మాయి ఉంది. ఆమె పేరు శ్రేయ, పాథాలజీ డాక్టర్. తీసేసిన అవయవాలను కోసి, సూక్ష్మదర్శినిలో చూసి రోగమేమిటో తేల్చడం ఆమె పని. రోగుల దగ్గరికి రావలసిన అవసరం సాధారణంగా ఉండదు. అయినా వచ్చింది.

"మీ ఆయనకు ఇంతకుముందు ఏమన్న బాధ ఉండేనా?" అని రమనే అడిగింది. "నేను చూసిన ముక్కల్లో ఎక్కువ భాగం గడ్డకట్టిన రక్తమే. అది దెబ్బవల్ల కారిన రక్తమా, లోపల ఏదన్నా గడ్డ ఉండి పగిలిందా అని తేల్చుకోవాలె. ముందునుంచి ఏమన్న ఉంటే చెప్పమ్మా. చెప్పకపోతే మేం గుడ్డిగ వెతికినట్టే అయితది."

"ఏం లేకుండె. దున్నపోతు తీరుగ ఉంటుండె నా కొడుకు," అంది ఐలవ్వ.

రమ అత్త వైపు చూసింది, మరిది వైపు చూసింది. "ఉండె మేడం," అంది. "ఆరు నెలల సంది ఉండె. తిండి పోతలేకుండె, పక్కల గట్టిగ ఉండె, బల్ల అని కాల్పిచ్చినం. చేతులు నేనే పట్టిన."

చెంపమీద పడిన దెబ్బకు ఆమె తల గోడకు తాకింది. ఐలవ్వ రెండు చేతులతో ఆమె కొప్పు పట్టి నేల మీదికి గుంజింది. "తమ్మునికోసం మొగని మీద రోగం రుద్దుతవానే ముండా! నా కొడుకు బొందల పడంగనే నీ పుట్టింటికి పోదామనుకున్నవా?" వరండాలో ఈ చివరి నుంచి ఆ చివరికి ఈడ్చింది. వెంకటి ఆపినట్టే వచ్చి మోకాలితో ఆమె వీపులో పొడిచాడు. నర్సులు, సెక్యూరిటీ మనిషి వచ్చి విడిపించేసరికి రమ పెదవి చిట్లింది. చేతుల గాజులు పగిలి మణికట్టులో దిగాయి.

ఆమె లేచి, కొంగుతో నోరు తుడుచుకుని, శ్రేయ ముందుకే వచ్చి నిలబడింది. "ఇంకేం అడుగుతరో అడుగుండ్రి మేడం," అంది.

శ్రేయ అన్నీ అడిగింది. ఆ తర్వాత ఆ ప్లీహాన్ని మళ్లీ ముందు పెట్టుకుంది. రక్తం నిండిన చోట్లను వదిలి, అంచుల నుంచి ఇంకా చాలా ముక్కలు కోసింది. రక్తనాళాల్లో మామూలు గడ్డలు కూడా వస్తాయి, వాటితో ప్రాణాపాయం ఉండదు. ఇది అదేనేమోనని మొదట అనుకుంది. కానీ కొత్త ముక్కల్లో నాళాల గోడకు ఆనుకుని వికారమైన కణాలు కనపడ్డాయి. ఒకదానిమీద ఒకటి ఎక్కి, దారి తెలియనట్టు విచ్చలవిడిగా పెరిగిన కణాలు. ఇలాంటిది ఆమె పుస్తకంలోనే చూసింది. తన కంటిని తాను నమ్మక ఆ ముక్కలను ప్రత్యేకమైన రంగులు వేసి చూడడానికి హైదరాబాద్ పంపింది.

ఆ జవాబు వచ్చేలోపు ఊళ్లో ఇంకో గొడవ అయింది. కరుణాకర్ పొలంలో ఎవరో బర్రెలను తోలారు. పొట్ట మీదున్న వరి మొత్తం తొక్కుడుపడింది. అడ్డం పోయిన వనజ మీదికి రాళ్లు విసిరారు. కొండల్‌కు తెలివొచ్చి, మాట వచ్చాక మొదట అన్న మాట, "వాణ్ని లోపలనే మురగబెట్టుండ్రి. బయటికొస్తె నా చేతులతోనే నరుకుత." పక్కనే ఉన్న రమ అతని నోట్లో చెంచాతో నీళ్లు పోస్తూనే ఉంది.

హైదరాబాద్ నుంచి జవాబు వచ్చిన రోజు వంశీధర్‌రావు, శ్రేయ ఇద్దరూ కలిసి రమను గదిలో కూర్చోబెట్టారు. ఐలవ్వ కూడా వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"ఇది క్యాన్సరమ్మా," అంది శ్రేయ. "రక్తం పారే నాళాల గోడలకే పుట్టే క్యాన్సర్. అది ప్లీహంలో రావడం శానా అరుదు. ఎందుకొస్తదో ఎవరికీ తెల్వదు. మస్కట్‌ల పనిజేసినందుకో, కాల్పిచ్చినందుకో వచ్చిందని నేను చెప్పలేను."

"మా తమ్ముడు కొట్టినందుకు?"

"కొట్టినందుకు క్యాన్సర్ రాదు. ఆ గడ్డ ఎప్పుడైనా పగిలేదే. దగ్గినా, బరువెత్తినా పగలొచ్చు. ఆరోగ్యంగ ఉన్న ప్లీహమైతే ఆ దెబ్బకు పగిలేది కాకపోవచ్చు."

రమకు ఒక్కసారిగా ఛాతీ మీది బండ దిగినట్టనిపించింది. తమ్ముడు చంపలేదు. ఆ ఊపిరి పూర్తిగా వదలకముందే రెండో మాట అర్థమైంది. తమ్ముణ్ని విడిపించే మాటా, మొగుణ్ని చంపే మాటా ఒకటే.

"ఎన్నాళ్లు బతుకుతడు సార్?"

వంశీధర్‌రావు బల్ల మీది పెన్ను తీసి మళ్లీ పెట్టాడు. "కాలేయం మీద కూడ మచ్చలు కనబడ్డయి. మందులు పెడుదాం. ఏడాది దాటినోళ్లు తక్కువమ్మా."

ఐలవ్వ గుమ్మంలోనే చతికిలబడింది. "అబద్ధం. గీ ముండ లంచమిచ్చి చెప్పిస్తుంది" అంది. కాని ఆ గొంతులో బలం లేదు.

కొండల్‌కు రమే చెప్పింది. అతను స్టీలు గ్లాసు తీసి విసిరాడు. అది ఆమె కనుబొమ్మ మీద తగిలి చీరింది. రక్తం కంట్లోకి కారుతుంటే ఆమె తుడుచుకోలేదు, కదలలేదు. ఇంకేమైనా విసురుతాడేమోనని చూసింది. అతను సెలైన్ గొట్టం పీకేసుకున్నాడు. మంచం పట్టీని పిడికిలితో బాదాడు. కుట్లు గుంజి నొప్పికి మెలికలు తిరిగాడు. చాలాసేపటికి అలిసిపోయి పడుకున్నాడు.

"నాకెర్కనే రమా," అన్నాడు కప్పు చూస్తూ. "మస్కట్‌లనే పక్కల పోటు వస్తుండె. అక్కడి డాక్టర్ స్కాన్ తీయిద్దామన్నడు. నేను పోలే. తీస్తె పనిలకెళ్లి తీసేస్తరని."

ఆమె దూది తీసుకుని ముందు అతని చేతి రక్తం తుడిచి, తర్వాత తన కనుబొమ్మ తుడుచుకుంది.

ఎస్సై వాంగ్మూలానికి వచ్చినప్పుడు కొండల్ తన తమ్ముడు వెంకటిని బయటికి పొమ్మన్నాడు. "ముందు నేనే గుద్దిన సార్, రెండుసార్లు. వాడు పడ్డంక కొట్టిండు. నాకు రోగం ముందునుంచే ఉంది" అని చెప్పాడు. కరుణాకర్ మీద దయతో చెప్పాడని రమ అనుకోలేదు. దవాఖానలో ఉండి ఉండి అతనికి అబద్ధం మోసే ఓపిక పోయింది, అంతే. డాక్టర్ల మాట, ఈ మాట కలిసి హత్యాయత్నం కేసు మామూలు కొట్లాట కేసయింది. కరుణాకర్ బెయిలు మీద వచ్చాడు. అతని చేయి విరగ్గొట్టినందుకు వెంకటి మీద కేసయింది. అప్పటినుంచి వెంకటి రమ కనపడితే నేల మీద ఉమ్మేవాడు.

వారం వారం హైదరాబాద్ బస్సు, సూది మందు, తిరుగు దారంతా వాంతులు. కొండల్ వెంట్రుకలు పోయాయి. ఒక మధ్యాహ్నం అతనే కరుణాకర్‌ను పిలవమన్నాడు. కరుణాకర్ భయపడుతూ వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు. విరిగిన చేయి వంకరగా అతుక్కుంది, పూర్తిగా చాపలేడు.

"దగ్గెరికి రా."

దగ్గరికి వంగగానే కొండల్ చెంప మీద కొట్టాడు. మిగిలిన బలమంతా పెట్టి కొట్టినా చప్పుడే రాలేదు. మళ్లీ కొట్టాడు. మూడోసారి చేయి లేవలేదు. బామ్మర్ది చొక్కా గుండీల దగ్గర పట్టుకుని, ఆ పట్టు విడవకుండా, "నా వంతే ఉండెరా గప్పుడు. నిజం చెప్పు," అన్నాడు.

"నీ వంతే బావా," అన్నాడు కరుణాకర్.

కొండల్ పట్టు విడిచాడు.

వానలు పడ్డాక, నాట్ల కాలంలో, అతను మంచం మీద కూర్చుని గంజి తాగుతున్నాడు. కూతురు హన్మకొండ హాస్టల్లో ఉంది, ఇంట్లో ఐలవ్వ, రమ తప్ప ఎవరూ లేరు. ఎవరూ తాకలేదు, ఎవరూ తిట్టలేదు. గంజి గిన్నె చేతిలోంచి జారింది. "రమా, బుజం" అన్నాడు. పెదవులు తెల్లబడ్డాయి. లోతుకు పోయిన కడుపు వాళ్ల కళ్లముందే బిర్రుగా ఉబ్బింది. తూము దగ్గరి నుంచి వచ్చిననాడు ఎట్లా అయిందో అట్లాగే, ఈసారి పగిలింది కాలేయం మీది గడ్డ. ఐలవ్వ కొడుకు కడుపును రెండు చేతులతో అదిమి పట్టింది, లోపల పగిలినదాన్ని బయటి నుంచి ఆపగలనన్నట్టు. రమ అతని నోట్లోకి వస్తున్న రక్తాన్ని వేళ్లతో తీసింది. బండి వచ్చేసరికి అంతా అయిపోయింది.

పాడె కట్టేటప్పుడు కరుణాకర్ వాకిట్లోకి వచ్చాడు. వెంకటి కర్ర అందుకుని ఎదురు ఉరికాడు. "గడప తొక్కితె నరుకుత బిడ్డా!" రమ అడ్డం నిలబడింది. కర్ర లేచింది. అప్పుడు ఐలవ్వ లేచి వచ్చి, ఆ కర్రను రెండు చేతులతో పట్టి గుంజుకుంది. పెనుగులాటలో ఆమె అరచేయి చీరుకుపోయింది.

"గీసారి ఎవడు కొట్టిండురా? చెప్పు, గీసారి ఎవడు కొట్టిండు?" అని చిన్నకొడుకు మొహం మీద అరిచింది. ఐలవ్వ కర్రను గోడ అవతలికి పారేసి శవం దగ్గరికి పోయి కూర్చుంది. కోడలికి క్షమాపణ చెప్పలేదు, ఆ తర్వాతా చెప్పలేదు. కానీ ఆ రాత్రి నుంచి రమ తినకుండా తను తినలేదు.

రమ ఇప్పుడు పత్తి సీజన్లో జమ్మికుంట జిన్నింగ్ మిల్లుకు పోతుంది, మిగతా కాలం పొలం చూసుకుంటుంది. కూతురు అలేఖ్య హన్మకొండలో చదువుతోంది. కోర్టు కేసుకు కొండల్ ఆపరేషన్ కాయితాల మీద డాక్టర్ సంతకం కోసం ఒకసారి రమ కరీంనగర్ దవాఖానకు పోయింది. అప్పుడు శ్రేయ టీ తెప్పించి కూర్చోబెట్టింది. తనకు ఎప్పటినుంచో ఉన్న ప్రశ్న రమ అడిగింది. ఆ బల్లను పగలకముందే తీసి ఉంటే?

శ్రేయ టీ కప్పు పక్కన పెట్టింది. "పగిలినప్పుడు ఆ క్యాన్సర్ కణాలు రక్తంతో కడుపంత పడ్డయి. పగలకుండ తీస్తె ఇంకొన్నాళ్లు ఉండేటోడేమో. ఖాయంగ చెప్పలేను. అబద్ధం మాత్రం చెప్పలేను."

ఆ మాట రమ ఎవరికీ చెప్పలేదు. అత్తకు చెబితే మళ్లీ కర్రలు లేస్తాయని తెలుసు.

కరుణాకర్ ఒకరోజు అక్క ఇంట్లో అన్నం తింటున్నాడు. వంకర చేత్తో ముద్ద నోటి దాకా పోక, తల వంచి ముద్ద దగ్గరికి తెచ్చుకుంటున్నాడు. సగంలో ఆగి అడిగాడు.

"అక్కా, నా దెబ్బతోనే పోయిండా బావ?"

రమ అతని మొహం చూడలేదు. ఆ క్షణం ఆమెకు అతని మీద ఎంత కోపముందో, ఎంత ప్రేముందో ఆమెకే తెలియలేదు.

"కాదు," అంది, గరిటెతో పప్పు తీసి అతని కంచంలో వేసింది.